ఇంటి మనిషి మనసు చెదిరితే... ఏ తలుపు తట్టాలి?

* జబ్బును దాచడంలోనే గడిచిపోతున్న విలువైన కాలం
* సాయం అనుకున్నంత దూరంలో లేదు
* రోగితోపాటు సంరక్షకులకూ కావాలి ఆసరా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: మగ్గం ఆగి వారాలు గడుస్తాయి. నేసే మనిషి ఇంట్లోనే ఉంటాడు. కానీ మగ్గం గుంతలోకి దిగడు. రాత్రంతా మేలుకొని తనలో తాను మాట్లాడుకుంటాడు. పక్కింటివారు తన గురించే గుసగుసలాడుతున్నారంటాడు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం పక్కకు తోసేస్తాడు. భార్య మొదట అలక అనుకుంటుంది. తల్లి ఎవరి దిష్టో తగిలిందంటుంది. అన్నదమ్ములు పని ఎగ్గొట్టేందుకు వేస్తున్న వేషమని కోప్పడతారు. అది జబ్బు కావచ్చన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ధర్మవరంలో నేతన్నల వీధి కావచ్చు. పెనుకొండ కొండ కింది పల్లె కావచ్చు. హిందూపురంలో పరిశ్రమకు వెళ్లివచ్చే కుర్రాడి అద్దె ఇల్లు కావచ్చు. మానసిక వ్యాధి అడుగుపెట్టిన ఇంట్లో జరిగే వరస దాదాపు ఒక్కటే. మొదట దాచిపెట్టడం, ఆ తర్వాత తాయెత్తులు, ఆపై అప్పులు, పరిస్థితి చేయి దాటాక ఆసుపత్రికి పరుగు. ఈ నాలుగు మెట్లు దాటేసరికి నెలలు, కొన్ని ఇళ్లలో ఏళ్లు గడిచిపోతాయి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువన్నది వైద్యశాస్త్రం చెబుతున్న సత్యం. సాయం దొరకకపోవడం కంటే, ఎక్కడ దొరుకుతుందో తెలియకపోవడం వల్లే ఎక్కువ కుటుంబాలు నష్టపోతున్నాయి.

పది మందిలో ఒకరు

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నట్లు అందులో తేలింది. అంటే సుమారు పది మందిలో ఒకరు. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి ఎలాంటి చికిత్సా అందడం లేదని కూడా అదే సర్వే వెల్లడించింది. జ్వరం వచ్చిన పది మందిలో ఏడెనిమిది మంది వైద్యుడి గడప తొక్కకపోతే ఊరంతా గగ్గోలు పుడుతుంది. మనసు జబ్బు విషయంలో మాత్రం అది ఎవరికీ వింతగా తోచడం లేదు.

వాన మీద ఆధారపడిన సాగు, చేతి నిండా పని దొరకని నేత, బతుకుతెరువు కోసం బెంగళూరుకు వలస. ఈ ప్రాంత ప్రజల మనసుపై వీటి భారం తక్కువేమీ కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రైతులు, నేతన్నల బలవన్మరణాలు ఏళ్ల తరబడి పత్రికలకెక్కాయి. అయితే మానసిక వ్యాధులన్నీ కష్టాల వల్లే రావు. కలిగిన ఇంట్లోనూ వస్తాయి. వంశపారంపర్యం, మెదడులోని రసాయనిక మార్పులు, మద్యం, గంజాయి వంటి మత్తు పదార్థాలు, తట్టుకోలేని దుఃఖం... ఇలా అనేక కారణాలు కలిసి వ్యాధికి దారితీస్తాయి. పెంపకం లోపమనో, పూర్వజన్మ పాపమనో కన్నవారు తమను తాము నిందించుకోవడంలో అర్థం లేదు.

ఏది అలక... ఏది వ్యాధి?

బాధ, కోపం, దిగులు ఎవరికైనా సహజం. అవి రెండు వారాలకు మించి విడవకుండా ఉంటూ నిద్రను, తిండిని, పనిని, మనుషులతో మాటామంతీని దెబ్బతీస్తే వైద్యుడిని సంప్రదించాలి. కుంగుబాటుకు లోనైనవారు అన్నింటిపైనా ఆసక్తి కోల్పోతారు. ఊరికే నీరసమంటారు. మన పల్లెల్లో చాలామంది మనసు బాగాలేదని చెప్పరు. ఒళ్లంతా నొప్పులు, గుండెల్లో మంట, తల బరువు అంటూ స్కానింగుల చుట్టూ తిరుగుతారు.

స్కిజోఫ్రినియా సాధారణంగా యుక్తవయసులో, 30 ఏళ్లు దాటకముందే బయటపడుతుంది. ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, ఎవరో హాని తలపెట్టారన్న బలమైన అనుమానం, స్నానపానాలు మానేయడం దీని లక్షణాలు. బైపోలార్ వ్యాధిలో కొన్నాళ్లు పట్టరాని హుషారు ఉంటుంది. నిద్ర లేకపోయినా అలసట తెలియదు. చేతికందిన డబ్బంతా ఖర్చుపెట్టేస్తారు. మరికొన్నాళ్లు మంచం దిగలేనంత కుంగుబాటు ఆవరిస్తుంది. ప్రసవమైన కొద్దిరోజులకే బాలింత నిద్ర మాని, బిడ్డను పట్టించుకోకుండా, పొంతన లేకుండా మాట్లాడితే దాన్ని బాలింత గాలి అని వదిలేయరాదు. తల్లికీ బిడ్డకూ ప్రమాదం కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వృద్ధుల్లో ఒక్కసారిగా మతి తప్పినట్లు కనిపిస్తే కారణం శరీరంలోనే ఉండవచ్చు. జ్వరం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర లేదా సోడియం తగ్గడం వంటివి ఇలాంటి స్థితిని తెస్తాయి. థైరాయిడ్ లోపం కూడా కుంగుబాటులా కనిపించవచ్చు. అందుకే తొలుత సాధారణ వైద్యుడికి చూపించి రక్తపరీక్షలు చేయించడం ఎప్పుడూ వృథా కాదు.

దేవుడికి దండం... వైద్యుడికి చూపు

ఇంట్లో మనిషి తీరు మారితే గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో అనుమానించడం ఇప్పటికీ ఉంది. గుడిలో మండలం రోజులు నిద్ర చేయించడం, దర్గాలో తాడు కట్టించడం, మంత్రగాడికి వేలకు వేలు ముట్టజెప్పడం కనిపిస్తూనే ఉన్నాయి. మొక్కు మనసుకు ధైర్యమిస్తే ఎవరూ కాదనరు. మొక్కు తీరేవరకు వైద్యాన్ని వాయిదా వేయడం, ఒంటిపై వాతలు పెట్టడం, గొలుసులతో కట్టేయడమే ప్రమాదం.

గొలుసు ఎంతటి ఘోరానికి దారితీస్తుందో తమిళనాడులోని ఏర్వాడి చూపింది. అక్కడి దర్గా సమీపంలో ప్రైవేటు వ్యక్తులు నడిపిన మానసిక రోగుల ఆశ్రయంలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున మంటలు చెలరేగాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. వారంతా అయినవారు నయమవుతుందని నమ్మి వదిలి వచ్చినవారే. ప్రస్తుతం అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని స్పష్టంగా నిషేధించింది.

గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో మరో దారి తొక్కారు. 2008లో అక్కడ దవా, దువా పేరిట కార్యక్రమం మొదలైంది. ప్రార్థన కోసం వచ్చినవారిని దర్గా సేవకులే పక్కనే ఉన్న మానసిక వైద్యుడి వద్దకు పంపుతారు. నమ్మకాన్ని కించపరచకుండానే వైద్యం అందించవచ్చని ఆ అనుభవం రుజువు చేసింది. ఇంట్లో పెద్దలు మొక్కు విషయంలో పట్టుబడితే వాదనకు దిగనక్కర్లేదు. మొక్కూ తీర్చుకుందాం, మందూ వాడదాం అంటే చాలావరకు ఒప్పుకుంటారు.

మానసిక వ్యాధికి పెళ్లి మందన్న అపోహ మరీ ప్రమాదకరం. సంగతి దాచి పెళ్లి చేస్తే కొత్త బాధ్యతలు, నిద్రలేమి, మందులు మానేయడం కలిసి వ్యాధి తిరగబెట్టే ముప్పు ఉంది. నిజం తెలిశాక రెండు కుటుంబాలూ నలిగిపోతాయి. కోలుకుని, మందులు క్రమంగా వాడుతూ, ఎదుటివారికి ఉన్న విషయం చెప్పి పెళ్లి చేసుకుని సంసారం నెట్టుకొస్తున్నవారూ ఉన్నారు. తప్పు పెళ్లిలో లేదు, దాపరికంలో ఉంది.

పొరుగునే పుట్టిన బాట

మనసు జబ్బుకు పెద్ద నగరంలోనే వైద్యమన్న అభిప్రాయం తప్పని దేశానికి చాటింది మన పొరుగు జిల్లాయే. ఉమ్మడి అనంతపురానికి సరిహద్దైన బళ్లారిలో 1980వ దశకం మధ్యలో నిమ్హాన్స్ వైద్యులు ఓ ప్రయోగం చేపట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వ్యాధులను గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. అత్యవసరమైన కొద్దిరకాల మందులను ఆ కేంద్రాల్లోనే అందుబాటులో ఉంచారు. మూర్ఛ, తీవ్ర మానసిక వ్యాధులున్న గ్రామీణులకు ఊరి దగ్గరే చికిత్స అందించవచ్చని తేలింది.

ఆ నమూనా ఆధారంగానే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మెదక్ ఒకటి. తర్వాతి కాలంలో ఈ కార్యక్రమం దేశంలోని అత్యధిక జిల్లాలకు విస్తరించింది. పథకం కాగితంపై ఉన్నంత పటిష్ఠంగా అన్నిచోట్లా అమలు కాకపోవచ్చు. మందు ఒకరోజు ఉండి మరోరోజు లేకపోవచ్చు. అయినా మానసిక వైద్యం అడిగి పొందాల్సిన సేవ తప్ప ఎవరో దయతలచి చేసే ఉపకారం కాదని ప్రజలు గ్రహించాలి. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 నాటి చట్టం పేర్కొంది.

తొలి మెట్టు నుంచి నిమ్హాన్స్ దాకా

అన్నింటికంటే దగ్గరి తలుపు చేతిలోని ఫోనే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ సేవలను ప్రారంభించింది. 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు. రోగే ఫోన్ చేయాలన్న నియమం లేదు. భార్య, తండ్రి, అన్న, స్నేహితుడు ఎవరైనా పరిస్థితి వివరించి సలహా పొందవచ్చు. రోగి ఆసుపత్రికి ససేమిరా అంటున్న ఇంటికి ఈ సదుపాయం పెద్ద ఆసరా.

రెండోది ఊరి ఆరోగ్య కేంద్రం. ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెబితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి వద్దకు దారి చూపుతారు. ఆ తర్వాత హిందూపురం, ధర్మవరం, పెనుకొండ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. మానసిక వైద్య నిపుణుడు ప్రతిచోటా, ప్రతిరోజూ ఉంటారని చెప్పలేం. ఏ రోజు అందుబాటులో ఉంటారో ముందే విచారించుకుని వెళ్తే ఒక రోజు కూలి మిగులుతుంది. నిపుణుడు లేకపోయినా సాధారణ వైద్యుడు ప్రాథమిక పరీక్షలు చేసి, పెద్దాసుపత్రికి సిఫారసు చీటీ రాసివ్వగలరు.

మూడోది అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్నందున అక్కడ మానసిక వైద్య విభాగం పనిచేస్తోంది. ధర్మవరం వైపు వారికి ఇది చేరువ. హిందూపురం, పెనుకొండ ప్రాంతాల వారికి బెంగళూరు కూడా అందుబాటులోనే ఉంటుంది.

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు మార్గంలోనే ఉన్నాయి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు దేశం నలుమూలల నుంచి రోగులు వస్తారు. 1954లో ఏర్పాటైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, అక్కడి మానసిక వైద్యశాల 1974లో విలీనమై ఇది ఏర్పడింది. అత్యవసర విభాగం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. సాధారణ ఓపీకి మాత్రం ఉదయం పెందలాడే చేరుకోవాలి.

వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే శ్రమ వృథా కాదు. రోగితో కలిసి ఒకే ఇంట్లో ఉండే వ్యక్తే వెంట వెళ్లాలి. మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి, ఇంతకుముందు ఏ మందులు వాడారు, వంశంలో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉందా అన్నవి ఓ కాగితంపై రాసుకోవాలి. పాత చీటీలు, మందుల అట్టలు, ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోవాలి. నాటుమందు వాడి ఉంటే అదీ దాచకుండా చెప్పాలి. రెండు, మూడు సార్లు వెళ్లాక దూరాభారంతో చాలామంది మానేస్తారు. కాబట్టి చికిత్స వివరాల చీటీ తెచ్చుకుని, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే మందులు కొనసాగించే వీలుందేమో బెంగళూరు వైద్యులనే అడగడం మేలు.

నాకేం జబ్బు లేదంటే...

కుటుంబాలకు ఎదురయ్యే అతిపెద్ద చిక్కు ఇదే. తీవ్ర మానసిక వ్యాధిలో తనకు జబ్బుందన్న ఎరుక కూడా లోపిస్తుంది. అది మొండితనం కాదు, వ్యాధి లక్షణమే. నీకు పిచ్చి పట్టిందంటే ఎవరూ ఆసుపత్రికి రారు. నిద్ర పట్టడం లేదు కదా, ఆకలి తగ్గింది కదా, డాక్టరుకు చూపించుకుందామంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అతడికి కనిపించే బాధతో మాట మొదలుపెట్టాలి. ఇంట్లో అతడు ఎక్కువగా నమ్మే వ్యక్తే ఆ మాట చెప్పాలి. మేనమామ కావచ్చు, చిన్ననాటి స్నేహితుడు కావచ్చు, బడిలో పాఠం చెప్పిన మాస్టారు కావచ్చు.

అతడి అనుమానాలతో వాదించి గెలవాలని చూడరాదు. అలాగని అవునవునని వంతపాడకూడదు. నీకు భయంగా ఉందని అర్థమవుతోంది, నీకు తోడుగా నేనున్నాను అంటే చాలు. పెళ్లికి వెళ్దామని మభ్యపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ ఒక్కసారి పని జరగవచ్చు. రెండోసారి నమ్మకం ఉండదు.

అయినా రాకపోతే, అతడి వల్ల అతడికి గానీ ఇతరులకు గానీ హాని జరిగే పరిస్థితి ఏర్పడితే, తన ఆలనాపాలనా తాను చూసుకోలేని స్థితికి చేరితే చట్టం ఓ మార్గం చూపింది. నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు చేయవచ్చు. ఒక మానసిక వైద్య నిపుణుడు, మరో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చితే 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. సమాచారాన్ని మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు పంపాలి. రోగి ఆ నిర్ణయాన్ని సవాలు చేయవచ్చు. ఆస్తి తగాదాలో ఎవరినో పిచ్చివాడని ముద్రవేసి బంధించకుండా ఈ కట్టుదిట్టాలు ఏర్పరిచారు.

నామినేటెడ్ ప్రతినిధి అంటే పెద్ద తతంగమేమీ లేదు. వయోజనుడైన ఎవరైనా తాను బాగున్న సమయంలోనే, రేపు ఆరోగ్యం చెడితే తన తరఫున ఫలానా వ్యక్తి నిర్ణయాలు తీసుకోవాలని తెల్లకాగితంపై రాసి సంతకం చేస్తే సరిపోతుంది. ఆ వ్యక్తి అంగీకారం అవసరం. ముందుగా రాయకపోతే బంధువుకు లేదా సంరక్షకుడికి ఆ బాధ్యత దక్కుతుంది. ఒకసారి జబ్బుపడి కోలుకున్నవారి ఇంట్లో ఈ కాగితం సిద్ధంగా ఉంచుకోవడం ఎంతో ఉపయోగకరం.

వీధుల్లో దిక్కులేక తిరిగే మానసిక రోగులకు రక్షణ కల్పించి, 24 గంటల్లోగా సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత పోలీసులది. అలాంటివారిని లాకప్‌లో ఉంచరాదు. ఇంట్లోనే రోగిని హింసిస్తున్నారనో, పట్టించుకోకుండా వదిలేశారనో తెలిస్తే స్టేషన్ అధికారి మేజిస్ట్రేటుకు నివేదించాలి. ఇరుగుపొరుగు కూడా ఈ విషయాన్ని పోలీసుల దృష్టికి తీసుకెళ్లవచ్చు.

చావు మాట ఎత్తితే

బతకాలని లేదు, నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు అన్న మాటలు వినిపిస్తే తేలిగ్గా తీసుకోరాదు. చచ్చేవాడు చెప్పి చస్తాడా అన్నది ప్రాణాలు తీసే సామెత. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా, నెమ్మదిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్నది అపోహ. అడగడం వల్ల బరువు దిగుతుంది. సాయం కోరే దారి తెరుచుకుంటుంది.

ఆ సమయంలో మనిషిని ఒంటరిగా వదలరాదు. పురుగు మందులు, మాత్రల డబ్బాలు ఇంట్లోంచి తీసేసి మరొకరి వద్ద భద్రపరచాలి. ఈ ఆవేశం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో ప్రమాదకరమైన వస్తువు చేతికందకపోతే ప్రాణం నిలుస్తుంది. వెంటనే 14416కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయం ఉంటే 108 అంబులెన్సులో దగ్గర్లోని ఆసుపత్రికి తరలించాలి.

పోలీసు కేసవుతుందన్న భయంతో కొందరు ఆసుపత్రికే వెళ్లరు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 2017 నాటి చట్టం చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించిన పాత 309 సెక్షన్ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వ అధికారిని విధుల్లో అడ్డుకునేందుకు లేదా ఒత్తిడి చేసేందుకు చేసే యత్నానికి మాత్రమే అందులో శిక్ష ఉంది. కేసు భయంతో వైద్యం ఆలస్యం చేయనక్కర్లేదు.

మందు మొదలయ్యాక

కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలి వారంలో గుణం కనిపించలేదని మానేయకూడదు. కాస్త బాగైంది కదా అని ఆపేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. బరువు పెరగడం, మగత, చేతుల వణుకు వంటి ఇబ్బందులు వస్తే వైద్యుడికి చెప్పి మోతాదో, మందో మార్పించుకోవాలి. లిథియం వాడేవారు క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. మానసిక వ్యాధి మందులన్నీ నిద్రమాత్రలే, అలవాటుపడితే వదలవన్న ప్రచారంలో నిజం లేదు. అలవాటు పడే రకాలు కొన్ని ఉన్నాయి. వాటిని వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి.

మద్యం వ్యసనమూ చికిత్స అవసరమైన సమస్యే. రోజూ అధికంగా తాగేవారితో ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పిస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుడి పర్యవేక్షణలోనే మాన్పించాలి. వ్యసన విముక్తి సలహాలకు 14446 నంబరు ఉంది.

చూసుకునేవారిని చూసేదెవరు?

మానసిక రోగి ఉన్న ఇంట్లో రెండో రోగి తయారవుతుంటారు. అది సంరక్షకురాలు. ఎక్కువ ఇళ్లలో ఆమె తల్లో, భార్యో. పగలు కూలికి వెళ్లి, రాత్రి రోగికి కాపలా కాసి, ఊరి మాటలు పడి, చివరకు తన రక్తపోటు మాత్రలు తాను మరిచిపోతుంది. శుభకార్యాలకు పిలుపులు తగ్గుతాయి. కూతురికి సంబంధం రాదేమోనన్న దిగులు తొలిచేస్తుంది. ఎప్పుడో ఓసారి వీడు పోతే బాగుండునన్న ఆలోచన వచ్చి, ఆ వెంటనే పశ్చాత్తాపంతో కుమిలిపోతుంది. ఆ ఆలోచన పాపం కాదు, అలసట. దాన్ని ఎవరితోనైనా చెప్పుకోగలగాలి. టెలి మానస్‌కు ఆమె తన కోసమూ ఫోన్ చేయవచ్చు.

కుటుంబాన్ని చికిత్సలో భాగం చేయడం మన దేశానికి కొత్త కాదు. 1950వ దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాల్లో ఉంచారు. జబ్బు గురించి వారికి వివరించి, సేవలో భాగస్వాములను చేశారు. రోగులు త్వరగా ఇళ్లకు చేరారు, ఇళ్లలో భయం తగ్గింది. నిమ్హాన్స్‌లోనూ కుటుంబ సభ్యులతో కలిపి చికిత్స అందించే విభాగం ఉంది. వైద్యుడి దగ్గర రోగి గురించి మాత్రమే కాక, మేమేం చేయాలి, ఏం చేయకూడదు అని అడగడం కుటుంబ సభ్యుల హక్కు.

భారం ఒక్కరి మీదే పడకుండా పంచుకోవాలి. మందులు ఒకరు, ఆసుపత్రి ప్రయాణం మరొకరు, రాత్రి తోడు ఇంకొకరు చూడాలి. వారంలో ఒక పూటైనా ప్రధాన సంరక్షకురాలికి విరామం దొరకాలి. బంధువులు సలహాలు ఇవ్వడం కంటే ఓ పూట వచ్చి కూర్చుంటే అదే పెద్ద సాయం. రోగి చేతికి చిన్న పని అప్పగించాలి. కండె చుట్టడం, పశువులకు నీళ్లు పెట్టడం, అంగడికి వెళ్లి రావడం వంటివి అతడిలో నమ్మకాన్ని నిలబెడతాయి.

హక్కుగా అందేవి

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక వ్యాధి కూడా ఉంది. దీర్ఘకాలంగా బాధపడుతూ 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్లు వైద్యులు నిర్ధారిస్తే సదరం ధ్రువపత్రం పొందవచ్చు. మీసేవ లేదా సచివాలయంలో స్లాటు నమోదు చేసుకోవాలి. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులైలో నెలకు రూ.3 వేల నుంచి రూ.6 వేలకు పెరిగింది. అర్హత ఉన్నవారు ధ్రువపత్రంతో దరఖాస్తు చేసుకోవాలి.

ఆస్తి, భరణం, నిర్బంధం వంటి చిక్కుల్లో మానసిక వ్యాధిగ్రస్తులకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సేవాధికార సంస్థ సహాయ నంబరు 15100. శారీరక వ్యాధులకు వర్తించే విధంగానే మానసిక వ్యాధులకూ వైద్యబీమా వర్తింపజేయాలని చట్టం బీమా సంస్థలను ఆదేశించింది. పాలసీ పత్రంలో ఆ వివరాలు చూసుకోవాలి.

మానసిక వ్యాధి వచ్చినంత మాత్రాన బతుకు ముగిసిపోదు. కొందరు పూర్తిగా కోలుకుంటారు. మరికొందరు మధుమేహం ఉన్నవారిలా మందులు వాడుతూ పని చేసుకుంటారు. ఆగిన మగ్గం మళ్లీ కదలాలంటే ముందు ఇంట్లో ఒకరు మౌనం వీడాలి. నలుగురూ ఏమనుకుంటారోనన్న శంకతో పోయే ప్రతి నెలా రోగి ఖాతాలోంచే పోతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* మానసిక సమస్యలపై ఉచిత సలహా, 24 గంటలూ: 14416
* ప్రాణాపాయ పరిస్థితిలో అంబులెన్సు: 108
* మద్యం, మత్తు వ్యసనాలపై సలహా: 14446
* ఉచిత న్యాయ సహాయం: 15100
* రెండు వారాలకు మించి నిద్ర, తిండి, పని దెబ్బతింటే వైద్యుడికి చూపించాలి
* కట్టేయడం, కొట్టడం, వాతలు పెట్టడం చికిత్స కాదు
* వైద్యుడు చెప్పకుండా మందులు ఆపరాదు
* చూసుకునేవారి ఆరోగ్యమూ చికిత్సలో భాగమే